మైకుకీ కావాలి ఒక కుదురు

చల్లమిరపకాయల సంగతి ఈ వారం రాస్తానని పోయినసారి మాటిచ్చాను. మజ్జిగ కూడా పులిసింది, కాయలకి గాట్లూ పెట్టాను. కానీ వాటికంటే ముందు మీకో మాట చెప్పాల్సి వచ్చింది. కాస్త ఓపిక పట్టండి, మిరపకాయలెక్కడికీ పోవు.

మా కోడలు ఇంట్లో కూర్చునే కథలూ నవలలూ చదివి రికార్డు చేసి పంపిస్తుంది. ఇప్పుడు పుస్తకాలు వినేవాళ్లు కూడా ఉన్నారు కదా! గంటకింత అని ఇస్తారు. మొదట సెల్‌ఫోనులోనే చదివేది. గొంతు బాగుంది గానీ గదిలో గుయ్యిమంటోందని వెనక్కి పంపేవారట. అప్పుడు మధ్యగదిలో బీరువా తలుపులు బార్లా తెరిచి, గోడలకి బొంతలు వేలాడదీసి, ఆరు నెలలు కూడబెట్టిన డబ్బుతో పెద్ద మైకొకటి కొనుక్కుంది. స్టూడియోల్లో వాడే రకం. చేత్తో పట్టుకుంటే చెంబుడు నీళ్ల బరువుంది. దానికి స్టాండు మాత్రం ఇంట్లో ఉన్నదే వాడుకుంది. మా అబ్బాయి కాలేజీ రోజుల్లో పాటల పోటీల కోసం కొన్నది, మూడు కాళ్లదీ, పైన అడ్డంగా కడ్డీ ఉన్నదీ.

ఆ రోజు మధ్యాహ్నం చదువుతూ చదువుతూ, పాలవాడు పిలిస్తే లేచి గుమ్మం దాకా వెళ్లింది. చాప మీద నిద్రపోతున్న మా మనవడు ఎప్పుడు లేచాడో లేచాడు. మైకు నుంచి వేలాడుతున్న నల్ల తీగ వాడికి ఆటవస్తువులా కనిపించింది. ఒక్కసారి లాగాడు. అంతే! స్టాండు స్టాండంతా వాడి వైపే ఒరిగింది. మైకు వాడి తలకి జానెడు దూరంలో నేలకి కొట్టుకుంది. పలక అంచు పెచ్చు లేచింది. వాడు బెదిరి ఏడుపు మొదలుపెడితే నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. పిల్లవాణ్ణి ఎత్తుకుని తల నిమురుతూ చూశాను. ఏం కాలేదు. కోడలు మాత్రం పాలగిన్నె అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. దాని మొహంలో రంగు లేదు.

మైకు జాలీ లోపలికి నొక్కుకుపోయింది. మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వస్తోంది. బాగుచెయ్యడానికి ఇచ్చొస్తే రెండు వారాలు పట్టింది. ఈలోగా చేతిలో ఉన్న నవల ఇంకెవరికో వెళ్లిపోయింది. మా వారు "చిన్నపిల్లాడున్న ఇంట్లో ఇవన్నీ ఎందుకు?" అన్నారు. మా అబ్బాయి "స్టాండు చౌకరకం, కొత్తది కొందాం" అన్నాడు. కోడలు ఏమీ అనలేదు. రాత్రి అంట్లు తోముతూ మాత్రం, "మానేస్తాను అత్తయ్యా" అంది.

నాకు ఆ మాట నచ్చలేదు. బిందె జారిపడిందని నీళ్లు మానేస్తామా?

మా ఆడపడుచు కొడుకు హైదరాబాదులో సినిమా రికార్డింగు థియేటర్లో పనిచేస్తాడు. వాడికి ఫోను చేసి, "నాకు అర్థమయ్యేట్టు చెప్పరా" అన్నాను. వాడు చెప్పినదంతా విన్నాక నాకు నవ్వొచ్చింది. ఇవన్నీ మన అమ్మమ్మలకి తెలిసిన విద్యలే. గుండ్రటి అడుగున్న కుండ నేల మీద నిలబడదు కనుక కింద గడ్డితో చుట్టిన కుదురు పెట్టేవారు. ఏతానికి ఒక కొసన బాన ఉంటే రెండో కొసన రాళ్లు కట్టేవారు. కావడి మోసేవాడు ఒకవైపే కుండ తగిలించుకుని నడవగలడా? మైకు స్టాండు సంగతీ అంతే.

అసలు ఈ మైకులెందుకింత బరువు అని మీరడగచ్చు. పాటల కచేరీల్లో చేత్తో పట్టుకునే మైకు మూడు వందల గ్రాములుంటే ఎక్కువ. స్టూడియో మైకు అలా కాదు. పేరుపడ్డ న్యూమన్ యు87 మైకు అరకిలో దాకా ఉంటుంది. ఇంటర్వ్యూల్లో మాట్లాడేవాళ్ల ముందు నల్లగా కనిపిస్తుందే, ఆ ష్యూర్ ఎస్‌ఎం7బి ముప్పావు కిలో పైమాటే. 1930ల నాటి అమెరికా రేడియోల్లో వాడిన ఆర్‌సీఏ 44 రకం మైకులైతే లోపల పెద్ద అయస్కాంతంతో మూడు కిలోలు దాటేవి. వాటికి తగ్గ స్టాండ్లు కూడా దుక్కలాంటి ఇనుప పళ్లెం అడుగుతో ఉండేవి. పెళ్లికి ముందు విజయవాడ రేడియో స్టేషన్లో లలితగీతం పాడటానికి వెళ్లినప్పుడు అలాంటి అడుగున్న స్టాండు చూశాను. కాలు తగిలి నా బొటనవేలే వాచింది గానీ అది మాత్రం కదల్లేదు!

మైకు ఒక్కటే అయినా బాగుండేది. నేల అదురు లోపలికి ఎక్కకుండా దాన్ని సాగే తాళ్ల ఉయ్యాలలో వేస్తారు. దాన్నే షాక్ మౌంట్ అంటారు. అదొక పావుకిలో. నోటి గాలి తగలకుండా ముందు జల్లెడలాంటిదొకటి. తీగ బరువు వేరే. అన్నీ కలిపి ముప్పావు కిలో అనుకుందాం. చేతిలో ఉన్నప్పుడు ముప్పావు కిలో ఏమంత బరువు? కందిపప్పు పొట్లమంత. అదే పొట్లాన్ని చాచిన చేతిలో అయిదు నిమిషాలు పట్టుకోండి, తెలుస్తుంది.

మూడు కాళ్ల స్టాండుకి మూడు పాదాలనీ కలుపుతూ నేల మీద ముగ్గుతో మూడు గీతలు గీశామనుకోండి, ఒక త్రికోణం వస్తుంది. స్టాండూ మైకూ కలిసిన మొత్తం బరువు ఎక్కడ కేంద్రమైందో, అక్కడినుంచి నిలువుగా నూలు వేలాడదీస్తే అది ఆ త్రికోణం లోపలే పడాలి. బయటపడిందా, స్టాండు పడినట్టే. నడిగొట్టం నుంచి ఒక్కో పాదం 32 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. పాదం ఉన్న వైపు మనకి 32 సెంటీమీటర్ల చోటుంది. రెండు కాళ్ల మధ్య సందు వైపు? సరిగ్గా సగం, 16 సెంటీమీటర్లే! ముగ్గుతో గీసి కొలిచాను, నిజమే.

మా మైకు ఎటువైపు ఉండేదో తెలుసా? సందు వైపే. కుర్చీ దగ్గరికి లాక్కోవడానికి కాలు అడ్డొస్తోందని కోడలు అలా తిప్పుకుంది. నేనైనా అలాగే తిప్పేదాన్ని. స్టాండు రెండున్నర కిలోలు, మైకు ముప్పావు కిలో, అడ్డకడ్డీ 75 సెంటీమీటర్లు చాచి ఉంటే మొత్తం బరువు కేంద్రం నడిగొట్టం నుంచి 17 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. సందు వైపు 16 దాటితే పడిపోవాలి కదా! మాది ఇన్నాళ్లూ పడకపోవడానికి కారణం, కడ్డీని అంత పూర్తిగా చాచకపోవడమే. అంచు మీద నిలబడి ఉంది. పిల్లవాడు లాగింది వేలెడంతే.

అదే స్టాండు, అదే మైకు, అదే కడ్డీ. మైకుని ఒక కాలికి సరిగ్గా పైన ఉండేట్టు తిప్పితే ఆ 17 సెంటీమీటర్లు త్రికోణం లోపలే ఉంటాయి. పైసా ఖర్చు లేదు. మైకు ఎటు చూస్తోందో కింద ఒక కాలూ అటే చూడాలి. ఆ కాలు మన కుర్చీ కిందికి వెళ్తుంది, అంతే. అడ్డమనిపిస్తే రెండు రోజుల్లో అలవాటవుతుంది.

అయితే దీనితో పూర్తిగా నిశ్చింత అనుకోకండి. త్రికోణం పాదం దగ్గరికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. ఎదురుగా లాగితే ఆగుతుంది గానీ పక్కకి లాగితే ఇంకా భయమే. అందుకే ఏతం కొస రాయి. అడ్డకడ్డీ వెనక కొసన బరువు కట్టాలి. ఎంత? తక్కెడ లెక్కే. ముప్పావు కిలో 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దానికి సరితూగడానికి వెనక 37 సెంటీమీటర్ల దగ్గర కిలోన్నర కావాలి. వెనక కొస పొట్టిది, 25 సెంటీమీటర్లే ఉందంటే రెండుంపావు కిలోలు. కడ్డీ బిగింపు మర కాస్త వదులుచేసి రెండువైపులా చేత్తో ఆనిస్తే, సరిపోయిందో లేదో చేతికే తెలుస్తుంది. రెండు కొసలూ కదలకుండా నిలబడితే తూకం కుదిరినట్టు. వ్యాయామానికి కాళ్లకి చుట్టుకునే బరువు పట్టీలు దొరుకుతాయి చూడండి, అవి దీనికి దివ్యంగా పనికొస్తాయి. చుట్టి అతికించెయ్యడమే, జారవు. మా వారు మోకాళ్ల నొప్పులకని కొని రెండు రోజులు కట్టి అటక మీద పడేసినవి మాకు ఇలా అక్కరకొచ్చాయి.

బరువు కడితే మొత్తం స్టాండు మరింత మోయాలి కనుక, బిగింపులు నీరసంగా ఉన్న స్టాండుకి కడ్డీని వీలైనంత పొట్టిగా పెట్టుకోవడమే మేలు. ముందు కడ్డీ తగ్గించండి, తర్వాతే బరువు కట్టండి. ఎత్తు కూడా అంతే. కూర్చుని చదివేదానికి నిలబడే ఎత్తు దేనికి? ఎత్తుగా ఉన్నది కొంచెం ఒరిగినా పైన చాలా దూరం జరుగుతుంది. కాళ్లు మాత్రం పూర్తిగా విప్పండి. గది ఇరుకని సగం విప్పి పెట్టేవాళ్లని చూశాను. త్రికోణాన్ని మన చేతులతో మనమే చిన్నది చేసుకున్నట్టు.

మా వీధి చివర వంటల వీడియోలు తీసే ఆవిడ ఇంకో బాధ చెప్పింది. స్టాండు పడదు గానీ మైకు మెల్లమెల్లగా తల వాల్చేస్తుందట. పోపు పెట్టేసరికి నోటి ఎదురుగా ఉన్నది చారు మరిగేసరికి స్టవ్వు వైపు చూస్తోందట! ఎంత బిగించినా అంతేనంది. వెళ్లి చూశాను. ఆవిడ కడ్డీని తిరగేసి పెట్టింది. మా మేనల్లుడు చెప్పిన చిట్కా ఇక్కడ చెబుతాను, బాగా గుర్తుపెట్టుకోండి. అడ్డకడ్డీని పట్టుకునే బిగింపు మరకి ఎదురుగా నిలబడండి. మైకు మీ కుడివైపు ఉండాలి. మైకు బరువుకి కడ్డీ కుడివైపు కిందికి వాలితే మర బిగుసుకునే వైపే తిరుగుతుంది. ఎడమవైపు ఉంటే వాలినకొద్దీ వదులవుతుంది. సీసా మూత బిగించేటప్పుడు చెయ్యి ఎటు తిరుగుతుందో తలచుకుంటే మరిచిపోరు. ఆవిడ కడ్డీని అటునుంచి ఇటు మార్చింది. అరగంట సాంబారు ఉడికేదాకా కూర్చున్నాం, మైకు కదల్లేదు. సాంబారు కూడా బాగుంది.

బిగించేది చేత్తోనే. పట్టకారు పెట్టకండి, లోపలి మరచుట్లు అరిగిపోతాయి. ఆ మరచుట్లలోనూ తిరకాసుంది. స్టాండు కొసన ఉండే మర కొన్నిటికి 5/8 అంగుళం, కొన్నిటికి 3/8 అంగుళం. మొదటిది అమెరికా వాడుక, రెండోది ఐరోపాలో ఎక్కువ. కెమెరా స్టాండ్లది ఇంకా సన్నం, 1/4 అంగుళం. ఒకదానికొకటి పట్టకపోతే మధ్యన చిన్న మరబిళ్ల వేస్తారు. అది ఇత్తడిదో ఉక్కుదో అడిగి తీసుకోండి. ప్లాస్టిక్‌ది తేలిక మైకుకి సరేగానీ ముప్పావు కిలోని వేలాడదీస్తే ఎప్పుడో ఒకనాడు పుటుక్కుమంటుంది. వంకరగా ఎక్కించి బలవంతాన తిప్పకూడదు. మొదట రెండు చుట్లు వేళ్లతోనే సుతారంగా ఎక్కాలి.

ఒక వరస కూడా ఉంది. స్టాండు నిలబెట్టి, కాళ్లు విప్పి, కడ్డీ బిగించి, వెనక బరువు కట్టి, అన్నీ అయ్యాక ఆఖరున మైకు తగిలించాలి. తీసేటప్పుడు ముందుగా మైకే తియ్యాలి. మైకు కంటే ముందు వెనక బరువు విప్పేశారో, ఏతం కథే! ఎత్తు మార్చాలంటే ఒక చెయ్యి మైకు కింద ఉండి తీరాలి. ఈ జాగ్రత్త ఎందుకంటే, కండెన్సర్ మైకు లోపల మాటని పట్టేది బంగారుపూత పూసిన పొర. మైక్రాన్లలో కొలిచే మందం, మన తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పల్చన. రిబ్బన్ మైకుల్లో అయితే అంతకంటే సుకుమారమైన అల్యూమినియం రేకు. దాన్ని నోటితో ఊది చూడటం కూడా తప్పేనట. నిలువుగానే దాచాలట.

తీగ సంగతి మరిచిపోయాను. అసలు దొంగ అదే కదా! మైకు నుంచి తీగ గాల్లో వేలాడకూడదు. కడ్డీ వెంట తెచ్చి, నడిగొట్టానికి రెండు చోట్ల మెత్తటి పట్టీతో కట్టి, అడుగున ఒక చుట్ట నేల మీద వదలాలి. అప్పుడు దూరాన ఎవరి కాలైనా తగిలితే ముందు ఆ చుట్ట విడుతుంది. కట్టు నేలకి దగ్గరగా ఉంటే, లాగిన లాగు కూడా పైకెక్కి కడ్డీని ఒరగదియ్యదు. మైకు తలకాయ దగ్గర మాత్రం తీగని బిగించి కట్టకండి, ఉయ్యాల తాళ్లు ఊగడానికి కాస్త వదులుండాలి.

ఇక ఇసుక సంచి. ఇది నా సొంత పని, కనుక కాస్త విస్తరించి చెబుతాను. పాత జీన్సు ప్యాంటు కాలు ఒకటి తీసుకోండి. 40 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. మధ్యలో ఆరు సెంటీమీటర్లు వదిలి, దానికి అటొక కుట్టు, ఇటొక కుట్టు రెండేసి వరసలు వెయ్యండి. రెండు పక్కలా రెండు జేబుల్లాంటి సంచులొస్తాయి, మధ్య పట్టీ స్టాండు కాలి మీద కూర్చుంటుంది. ఇసుకని జల్లించి, కడిగి, మూడు ఎండలు ఎండబెట్టండి. తడి ఇసుక పోస్తే ముక్కవాసన కొడుతుంది, స్టాండు తుప్పు పడుతుంది. లీటరు సీసాడు పొడి ఇసుక సుమారు కిలోన్నర తూగుతుంది. రెండు వైపులా చెరో లీటరు పోస్తే మూడు కిలోలు. ముందు దళసరి ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి గట్టిగా కట్టి, ఆపైన సంచిలో పెట్టి మూతి కుట్టండి. లేదంటే చదివే గదంతా ఇసకే.

ఇసుక బదులు బియ్యం పోస్తే సరిపోదా అంది మా తోడికోడలు. పురుగు పడుతుందమ్మా! రాళ్ల ఉప్పు అసలొద్దు, చెమ్మ లాగి ఇనుముని తినేస్తుంది.

సంచి వెయ్యాల్సింది మైకు ఉన్న కాలి మీద కాదు, దానికి ఎదురు దిక్కునున్న రెండు కాళ్ల మీద. అదీ కాలి కొసన కాకుండా నడిగొట్టానికి దగ్గరగా, ఎత్తుగా ఉన్న చోట. ఎందుకంటే సంచి నేలకి ఆనిందా, ఆ బరువు నేల మోస్తుంది గానీ స్టాండుకి దక్కదు. నేను మొదట కుట్టిన సంచి పొడుగై నేలకి ఆనింది. విప్పి మళ్లీ కుట్టాను. మీ స్టాండు కాళ్లు మరీ కిందుగా ఉంటే సంచిని ఇంకాస్త పొట్టిగా, వెడల్పుగా కుట్టుకోండి.

స్టాండు వద్దు, బల్లకి బిగించే స్ప్రింగు చెయ్యి కొంటామంటారా? దానికి ఎన్ని గ్రాముల నుంచి ఎన్ని గ్రాముల దాకా మోస్తుందో రాసి ఉంటుంది. మైకూ ఉయ్యాలా కలిపి కాటాలో తూచి చూసుకోండి. బరువు చాలకపోతే చెయ్యి పైకి లేచిపోతుంది, ఎక్కువైతే వాలిపోతుంది. పొట్టు చెక్క బల్ల అయితే బిగింపు కింద చిన్న చెక్కముక్క పెట్టకపోతే అంచు నలిగిపోతుంది. గాజు బల్లకి మాత్రం బిగించకండి.

మైకు బాగై వచ్చిన రోజున ఇవన్నీ చేసి, మా అబ్బాయిని పిలిచి తీగ లాగి చూడమన్నాను. మైకు తియ్యకుండానే! కోడలు కళ్లు మూసుకుంది. వాడు మెల్లగా లాగాడు, చుట్ట విడింది. కొంచెం గట్టిగా లాగాడు, స్టాండు కాళ్లు పలక మీద బెత్తెడు జరిగాయి గానీ పైన కడ్డీ నిలబడే ఉంది. పిల్లవాడు ఉన్నప్పుడు మాత్రం గది తలుపుకి పైన గడియ వేస్తున్నాం. ఎన్ని సంచులు వేసినా వాడి బలం ఏడాదికేడాది పెరిగేదే కదా.

మళ్లీ ఒక నవల వచ్చింది. నాలుగు వందల పేజీలట. నిన్న మధ్యాహ్నం చదువుతూ మధ్యలో ఆపి బయటికొచ్చింది. ఏమైందే అన్నాను కంగారుగా. "చల్లమిరపకాయలు వేయిస్తున్నారా అత్తయ్యా? ఘాటు లోపలికొచ్చి దగ్గు ఆగట్లేదు" అంది.

ఆ మిరపకాయల కొలతలు పై వారం.